ఈ చలికాలానికి ఏది అల్లాలి, ఏది ముందు అల్లాలి: కుట్లు లెక్కపెట్టి నిర్ణయించుకునే పద్ధతి

ఊలు అల్లే అలవాటున్న ఇంట్లో దసరా నాటికి ఒక జాబితా తయారవుతుంది. ఆదిలాబాద్‌లో ఉన్న నాన్నగారికి స్వెట్టర్, తమ్ముడి పాపకు బేబీ సెట్టు, అమెరికాలో చలికి వణుకుతున్న మేనకోడలికి శాలువా, అత్తగారికి మేజోళ్లు, పుట్టబోయే మనవడికి దుప్పటి అని అందరికీ మాట ఇచ్చేస్తాం. సంక్రాంతి వచ్చేసరికి వాటిలో రెండు పూర్తవుతాయి, మూడోది ఒక చెయ్యి లేకుండా సంచిలో మిగిలిపోతుంది, చలి వెళ్లిపోతుంది. ఇరవై ఏళ్లకు పైగా అల్లుతున్న నేను చాలాకాలం దీనికి నా తీరిక లేకపోవడమే కారణమనుకున్నాను. లెక్క వేసి చూసిన తరువాత అసలు కారణం ఎంపికలో ఉందని తెలిసింది. మనం బొమ్మ చూసి వస్తువును ఎంచుకుంటాం గాని, ఆ వస్తువులో ఎన్ని కుట్లున్నాయో (సూది మీద ఒక్కొక్కటిగా పడే ఊలు ఉచ్చులే కుట్లు), అవి ఎన్ని గంటల పని అడుగుతాయో చూసుకోము. ఈ వ్యాసంలో సాధారణంగా మన ఇళ్లలో అల్లే ఎనిమిది వస్తువులను ఆ లెక్కతో పక్కపక్కన పెట్టి, ఏది ఎవరికి తగినదో చెప్పే ప్రయత్నం చేస్తున్నాను.

ఎంపికకు ముందు చూసుకోవలసినవి

మొదటిది, అది వేసుకునే మనిషి ఏ ఊళ్లో ఉంటారన్నది. విజయవాడలోనో రాజమహేంద్రవరంలోనో ఉండేవారికి మందపాటి పూర్తి చేతుల స్వెట్టర్ అల్లితే, ఏడాదిలో నాలుగైదు తెల్లవారుజాములకు తప్ప పనికిరాదు. హైదరాబాద్‌లో డిసెంబరు, జనవరి నెలల్లో ఉదయం, రాత్రి వేళల్లో పలచని స్వెట్టర్ హాయిగా ఉంటుంది, మధ్యాహ్నానికి తీసెయ్యాలనిపిస్తుంది. ఆదిలాబాద్‌లో, అరకు, లంబసింగి వైపు మాత్రం చలి నిజంగా ఊలు అడుగుతుంది. అమెరికా ఉత్తర ప్రాంతాల్లో ఉన్నవారి పరిస్థితి ఇంకొక రకం. అక్కడ బయట మంచు పడుతున్నా ఇల్లంతా వెచ్చగా ఉంటుంది కనుక ఇంట్లో వేసుకునే మందపు స్వెట్టర్ కంటే, బయటికి వెళ్లేటప్పుడు కోటుతో పాటు వేసుకునే టోపీ, మఫ్లర్ ఎక్కువ వాడకంలో ఉంటాయి.

రెండవది, ఉతికేది ఎవరన్నది. పసిపిల్లల తల్లికి చేత్తో జాగ్రత్తగా ఉతికే తీరిక ఉండదు. అలాంటి ఇంటికి నాణ్యమైన అసలు ఉన్నితో అల్లి పంపితే మొదటిసారి యంత్రంలో వేడినీళ్లతో ఉతికినప్పుడే అది గట్టిపడి, కుంచించుకుపోయి, బొమ్మకు తొడిగే చొక్కా అంత అవుతుంది. మూడవది, మనం అల్లే వేళ. బస్సులో, టీవీ ముందు, మాట్లాడుతూ అల్లే పని వేరు, ప్రతి వరుసకూ కాగితం చూస్తూ అల్లే పని వేరు.

నాలుగవది, అన్నిటికంటే ముఖ్యమైనది, కుట్ల సంఖ్య. దీన్ని తెలుసుకోవడం కష్టం కాదు. నడిమి రకం ఊలుతో, అంటే దుకాణాల్లో డబుల్ నిట్టింగ్ అని అడిగే ఊలుతో, 4 మి.మీ. సూదుల మీద ఒక వరుస ప్లెయిన్ (మామూలు కుట్టు), ఒక వరుస పర్ల్ (తిరగేసి వేసే కుట్టు) అల్లితే పది సెంటీమీటర్ల వెడల్పుకు సుమారు 22 కుట్లు, పది సెంటీమీటర్ల ఎత్తుకు సుమారు 28 వరుసలు వస్తాయి. ఇరవై సెంటీమీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటరు పొడవున్న మఫ్లర్‌కు 44 కుట్లు, 420 వరుసలు, అంటే దాదాపు 18,500 కుట్లు. మీ చేతి వేగం ఎంతో గడియారం పెట్టుకుని పది నిమిషాలు అల్లి తెలుసుకోండి. మామూలుగా అలవాటున్న చెయ్యి నిమిషానికి ఇరవై కుట్లు వేస్తుందనుకుంటే ఆ మఫ్లర్ పదిహేనున్నర గంటల పని. మీ వేగం పది అయితే దాన్ని రెట్టింపు చేసుకోవాలి.

ఈ లెక్కతోనే కింది పట్టిక తయారుచేశాను. ఊలు రకం విడిగా చెప్పని చోటల్లా నడిమి రకమనే అర్థం. గంటలు నిమిషానికి ఇరవై కుట్ల చొప్పున వేసినవి, కుట్టి జతచేయడానికి, గుండీలకు పట్టే కాలం వీటిలో చేరలేదు.

| వస్తువు | లెక్కకు తీసుకున్న కొలత | కుట్లు (సుమారు) | గంటలు (సుమారు) | ఊలు (గ్రాములు) |
|---|---|---|---|---|
| పెద్దవారి టోపీ | చుట్టుకొలత 50, ఎత్తు 20 సెం.మీ. | 5,300 | 4½ | 60–70 |
| పాప స్వెట్టర్ | ఛాతీ చుట్టూ 48 సెం.మీ. | 11,500 | 10 | 120–150 |
| మఫ్లర్ | 20 × 150 సెం.మీ. | 18,500 | 15½ | 180–200 |
| త్రికోణపు శాలువా, సన్న ఊలు | చివరి వరుసలో 300 కుట్లు | 22,500 | 19 | 100 |
| మేజోళ్ల జత, సన్న ఊలు | చుట్టూ 64 కుట్లు | 23,500 | 20 | 75–100 |
| చేతుల్లేని స్వెట్టర్ | ఛాతీ చుట్టూ 100 సెం.మీ. | 33,000 | 28 | 300–350 |
| పూర్తి చేతుల స్వెట్టర్ | ఛాతీ చుట్టూ 100 సెం.మీ. | 51,000 | 43 | 500 |
| పాప దుప్పటి, అన్నీ ప్లెయిన్ వరుసలే | 75 × 90 సెం.మీ. | 54,000 | 45 | 450–500 |

ఈ పట్టికలో నన్ను మొదటిసారి ఆశ్చర్యపరిచింది చివరి వరుస. పాప దుప్పటి చిన్న పని అని, స్వెట్టర్ పెద్ద పని అని మనం అనుకుంటాం. కాని అన్నీ ప్లెయిన్ వరుసలే వేసే అల్లికలో వరుసలు దగ్గరగా కూర్చుంటాయి, పది సెంటీమీటర్ల ఎత్తుకు నలభై దాకా పడతాయి. అందువల్ల నెలల పాపకు అల్లే దుప్పటిలో, పెద్ద మనిషి పూర్తి చేతుల స్వెట్టర్‌లో కంటే ఎక్కువ కుట్లుంటాయి.

పసిపిల్లల స్వెట్టర్

పది గంటల్లో పూర్తయి, ఇంతగా మురిపించే వస్తువు మరొకటి లేదు. అయితే ఇందులో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. పాప పుట్టే నెలను బట్టి కొలత తీసుకుంటారు గాని, చలి వచ్చే నెలకు పాప వయసెంతో చూడరు. సాధారణ కొలతల ప్రకారం ఛాతీ చుట్టుకొలత మూడు నెలలకు 40.5, ఆరు నెలలకు 43, ఏడాదికి 45.5 సెంటీమీటర్లు ఉంటుంది. ఫిబ్రవరిలో పుట్టే పాప కోసం పుట్టిన పిల్లల కొలతతో స్వెట్టర్ అల్లితే, అది మన ఎండాకాలంలో పెట్టెలో ఉండి, నవంబరు వచ్చేసరికి చంకలో కూడా పట్టదు. ఆ పాపకు కావలసింది ఏడాది కొలత. సెప్టెంబరులో పుట్టిన పాపకైతే జనవరికి నాలుగు నెలలు నిండుతాయి కనుక ఆరు నెలల కొలత చాలు. ఏ కొలత తీసుకున్నా ఛాతీకి నాలుగైదు సెంటీమీటర్లు వదులు కలపాలి, ఎందుకంటే లోపల ఒక నూలు చొక్కా ఎలాగూ ఉంటుంది.

నమూనా ఎంచుకునేటప్పుడు ముందువైపు పూర్తిగా తెరుచుకునేదాన్నే తీసుకోమని గట్టిగా చెబుతాను. పసిపిల్లలకు ఒంటితో పోలిస్తే తల పెద్దది, మెడ నిలవదు. తల మీదుగా తొడిగే స్వెట్టర్ ఎంత అందంగా ఉన్నా స్నానం చేయించి తుడిచిన పాపకు వేసేటప్పుడు తల్లీ బిడ్డా ఇద్దరూ అవస్థపడతారు. మెడ దగ్గర కట్టే పొడవాటి తాళ్లు, ఊడిపోయే ముత్యాలు, వేళ్లు చిక్కుకునే పెద్ద రంధ్రాల అల్లిక వద్దు. గుండీలను రెండుసార్లు ముడివేసి కుట్టి, ఒకసారి గట్టిగా లాగి చూడాలి. సెట్టు అంటే స్వెట్టర్, టోపీ, చిన్న మేజోళ్లు అన్నది మన వాడుక. సమయం తక్కువగా ఉంటే స్వెట్టర్, టోపీ మాత్రమే అల్లండి. ఆ చిన్న మేజోళ్లు కాళ్లకు ఉండవు, ఒక్కరోజులో ఒకటి పోతుంది.

ఏ ఊలుతో అల్లాలన్న దాంట్లో నేను ఒకే మాట చెప్పలేను. రోజూ ఉతికేందుకు యాక్రిలిక్, అంటే కృత్రిమ ఊలు, సులువు, ధర కూడా తక్కువ. కాని అది చెమటను పీల్చదు, హైదరాబాద్ చలికి పాపను యాక్రిలిక్ స్వెట్టర్‌లోను, టోపీలోను కప్పి ఉంచితే మెడ వెనుక తడిగా తగులుతుంది. నూలు కలిసిన ఊలు మన వాతావరణానికి నయం. ఇంకొక విషయం చెప్పి తీరాలి. భోగినాడు తెల్లవారుజామున పిల్లలను స్వెట్టర్లు వేసి మంట దగ్గరికి తీసుకువెళ్తాం. యాక్రిలిక్ నిప్పు తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. అసలు ఉన్ని అంత త్వరగా అంటుకోదు, అంటుకున్నా మాడుతుందే గాని కరగదు. ఆ ఒక్క ఉదయానికైనా పిల్లలకు నూలు దుస్తులో ఉన్నివో వేసి, మంటకు దూరంగా నిలబెట్టడం మేలు.

టోపీ, మఫ్లర్

ఈ రెండింటిలో ఏది ముందు నేర్చుకోవాలని కొత్తగా అల్లేవారు అడుగుతారు. అందరూ మఫ్లర్ అంటారు, నేను టోపీ అంటాను. మఫ్లర్‌లో మొదటి పది సెంటీమీటర్లకే నేర్చుకోవలసింది అయిపోతుంది, మిగిలిన నూట నలభై సెంటీమీటర్లు అదే పని, మధ్యలో విసుగు వచ్చి వదిలేసేవారే ఎక్కువ. టోపీని రెండు మామూలు సూదుల మీద బల్లపరుపుగా అల్లి వెనుక కుట్టవచ్చు. నాలుగున్నర గంటల్లోనే కుట్లు ఎక్కించడం, అంచు అల్లడం, తగ్గించడం, ముగించడం, కుట్టడం అన్నీ చేతికి వస్తాయి. మఫ్లరే అల్లదలచుకున్నవారు ఒక వరుస ప్లెయిన్, ఒక వరుస పర్ల్ మాత్రం వేయకండి, రెండు అంచులూ లోపలికి చుట్టుకుపోయి గొట్టంలా అవుతుంది. రెండు ప్లెయిన్, రెండు పర్ల్ చొప్పున వేసే సాగే అల్లిక, లేదా అన్నీ ప్లెయిన్ వరుసలే వేసే అల్లిక తీసుకోవాలి.

స్వెట్టర్: చేతులతోనా, చేతులు లేకుండానా

జాబితాలన్నీ తలకిందులయ్యేది ఇక్కడే కనుక కొంచెం నిదానంగా చూద్దాం. పూర్తి చేతుల స్వెట్టర్‌కు 43 గంటలు, చేతులు లేనిదానికి 28 గంటలు. తేడా పదిహేను గంటలే కదా అనిపిస్తుంది, కాని ఆ పదిహేను గంటలు పని చివర వస్తాయి. ముందు భాగం, వెనుక భాగం పూర్తయి మనసు తృప్తిపడిన తరువాత, ఒకేలాంటి రెండు చేతులను సమానమైన కొలతతో అల్లడం చాలామంది వాయిదా వేసే పని. సంచుల్లో నిలిచిపోయే స్వెట్టర్లలో ఎక్కువ భాగం చేతుల దగ్గరే నిలిచిపోతాయి.

తెలంగాణ, ఆంధ్ర ప్రాంతాల చలికి, ముఖ్యంగా అరవై దాటిన పెద్దలకు, చేతుల్లేని స్వెట్టర్ సరైన ఎంపిక అని నా అభిప్రాయం. ఛాతీ, వీపు వెచ్చగా ఉంటాయి, పూజకో వంటకో చేతులు కడుక్కునేటప్పుడు తడవవు, పూర్తి చేతుల చొక్కా మీద చక్కగా కూర్చుంటుంది, మధ్యాహ్నం ఎండలో ఉక్కపోయదు. ముందు గుండీలుంటే భుజం నొప్పి ఉన్నవారికి తీయడం, వేయడం సులువు. పూర్తి చేతులది అల్లవలసింది ఆదిలాబాద్, అరకు వంటి చోట్ల ఉండేవారికి, ఉత్తర భారతంలో ఉద్యోగాలు చేస్తున్నవారికి, రాత్రి కాపలా, తెల్లవారుజామున పాల పని వంటివి చేసేవారికి.

పెద్ద స్వెట్టర్ ఏదైనా సరే, నమూనా ముక్క అల్లకుండా మొదలుపెట్టవద్దు. పదిహేను సెంటీమీటర్ల చతురస్రం అల్లి, ఉతికి, ఆరిన తరువాత మధ్యలో పది సెంటీమీటర్లకు ఎన్ని కుట్లున్నాయో లెక్కపెట్టాలి. ఛాతీ చుట్టూ 100 సెంటీమీటర్ల కోసం 220 కుట్లు ఎక్కించారనుకుందాం. పది సెంటీమీటర్లకు 22 బదులు మీ చేతికి 24 కుట్లు పడుతుంటే అదే 220 కుట్లు 92 సెంటీమీటర్ల కంటే తక్కువకు వస్తాయి. ఎనిమిది సెంటీమీటర్లు తగ్గిన స్వెట్టర్ ఆ మనిషికి పట్టదు. టోపీలో ఈ తేడా కనిపించదు, శాలువాలో లెక్కలోకి రాదు, స్వెట్టర్‌లో మాత్రం నలభై గంటల శ్రమను వృథా చేస్తుంది.

సూదుల సంఖ్యల దగ్గర మరొక చిక్కుంది. మన దుకాణాల్లో చాలావరకు పాత బ్రిటిష్ సంఖ్యలే నడుస్తాయి, వాటిలో 8వ నంబరు సూది 4 మి.మీ., 10వ నంబరు 3.25 మి.మీ., 12వ నంబరు 2.75 మి.మీ. సంఖ్య పెరిగినకొద్దీ సూది సన్నబడుతుంది. అమెరికా సంఖ్యలు దీనికి వ్యతిరేకం, అక్కడి 8వ నంబరు 5 మి.మీ. సూది. అమెరికా నమూనా కాగితంలో 8 అని చూసి మన దుకాణంలో 8వ నంబరు కొంటే ఒక మిల్లీమీటరు సన్న సూదితో అల్లుతున్నట్టు. సంఖ్యను వదిలేసి మిల్లీమీటర్లనే చూసి కొనాలి.

మేజోళ్లు

మేజోళ్లు చిన్నగా కనిపించి పెద్ద పని చేయించే వస్తువు. సన్న ఊలు, 2.25 మి.మీ. సూదులు, జతకు ఇరవై గంటలు. మడమ మలుపు తిప్పడం నేర్చుకుంటే వచ్చే ఆనందం వేరు, నేను ఇప్పటికీ ప్రతి మడమ దగ్గర ఒకసారి ఆగి చూసుకుంటాను. అయినా వీటిని ఎవరికి అల్లాలో ఆలోచించాలి. మన ఇళ్లలో నేల నున్నని టైల్సు, గ్రానైటు, చలువరాయి. వాటి మీద ఊలు మేజోళ్లతో నడిచే పెద్దవారు జారిపడే ప్రమాదం చిన్నది కాదు. అత్తగారికి, అమ్మకు అల్లదలచుకుంటే రాత్రి పడక మీద వేసుకోవడానికి మాత్రమే ఇచ్చి ఆ మాట స్పష్టంగా చెప్పాలి, లేదా అడుగున జారకుండా తోలు ముక్క కుట్టించాలి. బూట్లలో వేసుకునే యువతకైతే డెబ్బై ఐదు పాళ్లు ఉన్ని, ఇరవై ఐదు పాళ్లు నైలాను కలిసిన ఊలు మన్నుతుంది. ఒట్టి ఉన్ని మడమ దగ్గర త్వరగా చిల్లుపడుతుంది. కంటిచూపు మందగించినవారు ముదురు నీలం, నలుపు రంగుల్లో ఇంత సన్నని పని పెట్టుకోకపోవడం మంచిది.

శాలువా

శాలువాకు పెద్ద గుణం, కొలత తప్పదు. మనిషి ఎదురుగా లేకపోయినా, ఎంత లావో ఎంత పొడవో తెలియకపోయినా అల్లి పంపవచ్చు. వంద గ్రాముల సన్న ఊలుతో, అంటే దాదాపు నాలుగు వందల మీటర్ల దారంతో పూర్తవుతుంది కనుక మంచి ఉన్ని కొనడానికి ధైర్యం చేయగలిగేది కూడా ఇక్కడే. కాని పట్టికలో చూపిన 19 గంటలను నమ్మవద్దు. రంధ్రాల అల్లికలో చెయ్యి నెమ్మదిస్తుంది, నిమిషానికి పదిహేను కుట్లు పడితే 25 గంటలు అవుతాయి. త్రికోణపు శాలువా మెడ దగ్గర కొద్ది కుట్లతో మొదలై ప్రతి రెండు వరుసలకు నాలుగు చొప్పున పెరుగుతూ పోతుంది. 150 వరుసల శాలువాలో 75 వరుసలు అయ్యేసరికి సగం పని అయిందనిపిస్తుంది, నిజానికి అప్పటికి వేసినవి 22,500 కుట్లలో 5,600 మాత్రమే, అంటే నాలుగో వంతు. ఈ సంగతి ముందే తెలిస్తే గడువు దగ్గర కంగారు ఉండదు.

చీర కట్టుకునేవారికి శాలువా అల్లేటప్పుడు త్రికోణం కంటే యాభై సెంటీమీటర్ల వెడల్పున్న దీర్ఘచతురస్రం నయం. త్రికోణం పైట మీద నిలవక జారుతుంది. పెద్ద రంధ్రాల అల్లిక గాజులకు, నల్లపూసలకు, జరీ అంచుకు పట్టుకుని దారం లాగుతుంది. చిన్న రంధ్రాలున్న, అంచు గట్టిగా ఉన్న నమూనా చూసుకోవాలి. రంధ్రాల అల్లికను తడిపి, పరిచి, గుండుసూదులతో సాగదీసి ఆరబెట్టినప్పుడే దాని అందం బయటపడుతుంది. ఉన్ని అలా నిలుస్తుంది, యాక్రిలిక్ ఆరగానే మళ్లీ ముడుచుకుంటుంది.

పాప దుప్పటి

నలభై ఐదు గంటలు ఉన్నవారు, ఒక్కరికి ఒక్కటే ఇచ్చి అది ముప్పై ఏళ్లు ఉండాలని కోరుకునేవారు దీన్ని ఎంచుకోవచ్చు. మిగిలినవారికి నా సలహా, ఇరవై సెంటీమీటర్ల చతురస్రాలుగా అల్లి తరువాత కలపండి. ప్రతి చతురస్రం దానికదే పూర్తవుతుంది, ప్రయాణంలో పట్టుకెళ్లవచ్చు, ఒడిలో బరువు ఉండదు. క్రోషియా వచ్చినవారైతే దుప్పటిని క్రోషియాతోనే వేయడం తెలివైన పని, ఊలు కొంచెం ఎక్కువ పడుతుంది గాని గంటలు బాగా తగ్గుతాయి. గోదావరి జిల్లాల వైపు ఇంటింటా క్రోషియా పట్టిన చేతులున్నాయి. నరసాపురం క్రోషియా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ చేతులకు దారాన్ని సమంగా బిగించి పట్టుకోవడం ముందే తెలుసు కనుక సూదుల అల్లిక కూడా త్వరగా వస్తుంది.

ఒక జాగ్రత్త తప్పనిసరిగా చెప్పాలి. ఏడాది నిండని పాప నిద్రపోయే మంచంలో విడి దుప్పట్లు, దిండ్లు ఉంచవద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతుంది, అక్కడి ఆసుపత్రులు తల్లిదండ్రులకు ఇదే నేర్పుతాయి. మీరు అంత దూరం పంపిన దుప్పటిని మనవడి మంచంలో వేయకపోతే నొచ్చుకోవద్దు. బండిలో కాళ్ల మీద కప్పడానికి, నేల మీద పరిచి ఆడించడానికి సరిపడే కొలతలో అల్లండి.

ఏ ఊలు

మన వాడుకలో ఊలు అంటే అన్నీ ఊలే, దుకాణంలో ఉండ అడిగితే ఎక్కువగా ఇచ్చేది యాక్రిలిక్. ఉండ చుట్టూ ఉన్న పట్టీ మీద ఏ పీచు ఎంత శాతమో చదవకుండా కొనవద్దు. అసలు ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమను పీల్చుకుని కూడా తడిగా అనిపించదు, సాగి తిరిగి వెనక్కి వస్తుంది, అల్లే చేతికి కూడా సుఖంగా ఉంటుంది. దానికి పురుగుభయం ఉంది, ఉతకడంలో శ్రద్ధ కావాలి. యంత్రంలో ఉతికేలా శుద్ధిచేసిన ఉన్ని గట్టిపడదు గాని ఉతికాక కొంత సాగుతుంది, కనుక నమూనా ముక్కను తప్పక ఉతికి చూడాలి. నూలు దారం చల్లగా ఉంటుంది, బరువెక్కువ, సాగదు. పెద్ద స్వెట్టర్ నూలుతో అల్లితే తన బరువుకే కిందికి దిగుతుంది. యాక్రిలిక్‌కు వేడి ఇస్త్రీ తగలకూడదు, ఒక్కసారి తగిలితే అల్లిక అణగిపోయి మళ్లీ లేవదు.

మన దక్కనీ గొర్రెల ఉన్నితో తెలంగాణలో గొంగళ్లు నేస్తారు. ఆ ఉన్ని ముతక, గట్టిది, వానకూ చలికీ ఎన్నో ఏళ్లు నిలుస్తుంది. దాని మీద నాకు ఎంతో గౌరవం ఉంది, కాని మెడకు, పసిపిల్లల ఒంటికి తగిలే వస్తువులకు అది తగదు. సంచులకు, కూర్చునే ఆసనాలకు వాడుకోవచ్చు.

ఎవరు ఏది పెట్టుకోవాలి, ఏ క్రమంలో

ఉద్యోగం చేస్తూ రోజుకు అరగంట, ఆదివారం రెండు గంటలు అల్లగలిగేవారికి వారానికి ఐదు గంటలు దొరుకుతాయి. దసరా నుంచి సంక్రాంతి వరకు పన్నెండు వారాలనుకుంటే అరవై గంటలు. పూర్తి చేతుల స్వెట్టర్, పాప స్వెట్టర్ పెట్టుకుంటే 53 గంటలు, కుట్టి ముగించడానికి ఇంకొక పదో వంతు కలిపితే 58. ఒక్క ఆదివారం పెళ్లికి వెళ్లినా ఈ లెక్క తప్పుతుంది. చేతుల్లేని స్వెట్టర్, పాప స్వెట్టర్, రెండు టోపీలు పెట్టుకుంటే 47, ముగింపుతో కలిపి 52 గంటలు. నలుగురికి అందుతాయి, ఎనిమిది గంటలు చేతిలో మిగులుతాయి. నేను ప్రతిసారీ రెండవదాన్నే ఎంచుకుంటాను. పూర్తి చేతుల స్వెట్టర్ తప్పనిసరైతే దాన్ని ఆషాఢంలోనే మొదలుపెట్టి, చేతులను ముందు అల్లేసి, వర్షాకాలం చివరికి ముందు, వెనుక భాగాలు పూర్తిచేయాలి. చేతులు ముందే అయిపోతే వాటిలో ఒకటి పెద్ద నమూనా ముక్కగా కూడా పనికివస్తుంది.

ఎండాకాలంలో పెద్ద పని ఒడిలో పెట్టుకోలేం. ఏప్రిల్, మే నెలల్లో చెమట చేతులకు యాక్రిలిక్ ఊలు సూది మీద జరగదు, లోహపు సూది జారుతుంది. అప్పుడు వెదురు సూదులతో టోపీలు, దుప్పటి చతురస్రాలు, నూలు దారంతో చేతిగుడ్డలు అల్లుకోవడం మేలు. మణికట్టు నొప్పి ఉన్నవారు పొడవాటి సూదుల బదులు సర్క్యులర్ సూది (రెండు పొట్టి సూదులను సన్నని తీగతో కలిపినది) వాడితే బరువు ఒడిలోకి దిగుతుంది, చేతి మీద ఉండదు. వారు నూలు దారానికి, మేజోళ్లకు దూరంగా ఉండి, సాగే ఉన్నితో 5 మి.మీ. సూదుల మీద అల్లే టోపీలు, మఫ్లర్లు ఎంచుకోవచ్చు. పిల్లల దగ్గరికి విదేశాలకు వెళ్లి నెలల తరబడి ఉండే అమ్మలకు, అమ్మమ్మలకు శాలువాయే సరైన తోడు. వంద గ్రాముల ఊలు పెట్టెలో చోటు తీసుకోదు, తీరిక దండిగా ఉంటుంది, అక్కడి నిశ్శబ్దంలో ప్రతి వరుసా లెక్కపెట్టుకోవచ్చు.

ఒకేసారి రెండు పనులకు మించి సూదుల మీద ఉంచవద్దు. ఒకటి మాట్లాడుతూ అల్లగలిగేది, ఒకటి మనసు పెట్టవలసినది. మూడోది మొదలుపెట్టాలనిపిస్తే ఊలు కొనండి, కుట్లు మాత్రం ఎక్కించకండి.

ఊలు కొనేటప్పుడు పట్టిక చెప్పినదానికి ఒక ఉండ ఎక్కువ తీసుకోవాలి, అన్ని పట్టీల మీదా రంగు నంబరుతో పాటు లాట్ నంబరు (ఒకేసారి రంగు వేసిన ఉండలకు ఇచ్చే నంబరు) కూడా ఒకటే ఉండాలి. నాన్నగారి మొదటి స్వెట్టర్‌కు నేను ఎనిమిది ఉండలు కొని, చివరి చేతికి ఊలు చాలక మళ్లీ వెళితే అదే రంగు నంబరు, వేరే లాట్ దొరికింది. రాత్రి దీపం కింద తేడా తెలియలేదు. ఉదయం ఎండలో ఎడమచెయ్యి మోచేతి కింది భాగం వేరే రంగులో కనిపించింది. ఆయన దాన్ని పదకొండేళ్లు వేసుకున్నారు, నాకు మాత్రం చూసినప్పుడల్లా ఆ చోటే కనిపించేది. అప్పటినుంచి ఒక నోటు పుస్తకంలో ప్రతి పనికి ఒక పేజీ పెట్టి, ఎవరికి, ఏ నెలకు, ఏ కొలత, ఎన్ని కుట్లు, ఏ సూది అని రాసి, ఊలు పట్టీని అక్కడే అతికిస్తున్నాను. మిగిలిన ఉండను వేపాకుతో సహా ఒక గుడ్డసంచిలో కట్టి, ఏ పేజీదో చీటీ రాసి పెడితే రెండేళ్లకు పాప స్వెట్టర్ చేతులు పొట్టి అయినప్పుడు అంచు విప్పి నాలుగు వేళ్ల పొడవు పెంచడానికి అదే ఊలు, అదే లాట్, అదే సూది నంబరు చేతికి దొరుకుతాయి.